ఎంఎస్‌లో చెయ్యి, అలసట, బుర్ర: చిక్కు ఎక్కడ మొదలవుతోందో పట్టుకుని సరిచేసుకోవడం ఎలా

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది మైలిన్ పొర దెబ్బతినే జబ్బు. ఆ పేరు వినగానే అందరూ నడక గురించే అడుగుతారు. ఎంత దూరం నడవగలరు, కర్ర కావాలా, మెట్లు ఎక్కగలరా అని. డాక్టర్లు వాడే కొలత కూడా దాదాపు అలాంటిదే. 1983లో న్యూరాలజిస్ట్ జాన్ కర్ట్‌జ్కి ప్రచురించిన ఈడీఎస్ఎస్ అనే, వైకల్యాన్ని సున్నా నుంచి పది దాకా కొలిచే స్కేలు మీద 4 దాటాక కొంతవరకూ స్కోరు ముఖ్యంగా నడిచే దూరాన్ని బట్టే పెరుగుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతోందనో, మధ్యాహ్నం అయ్యేసరికి చేతిలోంచి పెన్ను జారిపోతోందనో, ఎవరైనా మాట్లాడిస్తే చేస్తున్న పని ఆగిపోతోందనో మనం నోరు తెరిచి చెప్పకపోతే అది ఎక్కడా రికార్డు కాదు.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. చెయ్యి, అలసట, ఆలోచన ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. నిద్ర సరిపోని మనిషికి చెయ్యి మొద్దుబారినట్టు ఉంటుంది, చెయ్యి మొండికేస్తే ప్రతి చిన్న పనికీ మనసు పెట్టాల్సి వచ్చి బుర్ర అలిసిపోతుంది, బుర్ర అలిసిపోతే మతిమరుపు వచ్చేసిందని టెన్షన్ మొదలవుతుంది, ఆ టెన్షన్‌తో మళ్లీ నిద్ర పట్టదు. అందుకే ఎడాపెడా వ్యాయామాలు మొదలుపెట్టే ముందు ఏది ముందు, ఏది తర్వాత అనేది తేల్చుకోవాలి. నా దృష్టిలో సరైన వరస ఇది: ముందు కొలవండి, తర్వాత అలసటను చూసుకోండి, ఆ తర్వాతే చెయ్యి, చివరకు జ్ఞాపకశక్తి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, మతిమరుపు అనగానే ఫోన్‌లో మెదడుకు పదును పెట్టే గేమ్స్ డౌన్‌లోడ్ చేసుకుంటారు.

మొదటి అడుగు: ఇది కొత్తదా, పాతదేనా?

చెయ్యి ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేస్తే ముందు తేల్చుకోవాల్సింది ఇది రిలాప్సా కాదా అని. కొత్త లక్షణం రావడమో, పాతది బాగా ముదరడమో జరిగి, అది కనీసం 24 గంటలు ఉండి, జ్వరం, ఇన్ఫెక్షన్ లాంటివేవీ లేకపోతే దాన్ని రిలాప్స్ అంటారు. అలా అనిపిస్తే న్యూరాలజిస్ట్‌కు వెంటనే ఫోన్ చెయ్యాలి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

అయితే చాలాసార్లు అసలు కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్ అవుతుంది. మంట, జ్వరం ఏమీ లేకుండా కూడా అది పాత లక్షణాలన్నిటినీ తిరగదోడుతుంది. రిలాప్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు మొదలుపెట్టేలోపు యూరిన్ టెస్ట్ అయిందో లేదో మీరే అడగండి, ఇది అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1890లో విల్హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, కొందరు ఎంఎస్ రోగులకు ఒళ్లు అలిసేలా పనిచేశాక చూపు మసకబారడం గమనించాడు. ఆయన అది శ్రమ వల్ల అనుకున్నాడు, నిజానికి ఒంట్లో వేడి పెరగడం వల్ల అని తర్వాత తేలింది. మైలిన్ పొర దెబ్బతిన్న నరంలో అర డిగ్రీ వేడి పెరిగినా సంకేతాలు ఆగిపోవచ్చు. ఒళ్లు చల్లబడితే మళ్లీ మామూలు అవుతుంది, కొత్త నష్టం ఏమీ జరగదు. కాబట్టి వేడినీళ్ల స్నానం తర్వాత చెయ్యి పట్టు తప్పితే కంగారు పడకండి, చల్లబడ్డాక ఎలా ఉందో చూడండి.

ఒక్క మినహాయింపు. నిమిషాల్లో మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకవైపు చెయ్యి పడిపోవడం జరిగితే ఎంఎస్ అని సరిపెట్టుకోవద్దు. ఎంఎస్ ఉన్నవాళ్లకు పక్షవాతం రాదని ఎక్కడా లేదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండో అడుగు: చెయ్యి "పనిచెయ్యట్లేదు" అంటే ఏమిటి?

ఈ ఒక్క మాట కింద నాలుగైదు వేరువేరు సమస్యలు దాగి ఉంటాయి, ఒక్కోదానికీ చెయ్యాల్సింది వేరు. టేబుల్ ముందు కూర్చుని ఇవి చేసి చూడండి.

రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకుని పది సెకన్లు అలాగే ఉంచండి. పక్కన ఉన్నవాళ్లను చూడమనండి. ఒక చెయ్యి మెల్లగా కిందికి దిగి లోపలికి తిరిగితే అక్కడ బలం తగ్గినట్టు.

తర్వాత కళ్లు మూసుకునే, ఎవరినైనా మీ చేతిలో తాళంచెవి, నాణెం, పిన్నీసు లాంటివి ఒక్కొక్కటిగా పెట్టమనండి. తడిమి చెప్పలేకపోతే, బలం బాగానే ఉన్నా వేళ్లు ఎక్కడున్నాయో చూస్తే తప్ప తెలియకపోతే, సమస్య కండరంలో లేదు, సమాచారం మెదడుకు చేరడంలో ఉంది. మెడ దగ్గర వెన్నుపాము వెనకభాగంలో ఎంఎస్ మచ్చ ఉంటే ఇలా అవుతుంది. హెర్మన్ ఓపెన్‌హైమ్ అనే జర్మన్ న్యూరాలజిస్ట్ వందేళ్ల కిందటే దీన్ని వర్ణించాడు, ఈ రకం చేతికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. ఇలాంటి చేతికి బరువులు ఎత్తడం నేర్పి లాభం లేదు. చూస్తూ చెయ్యడం, గరుకుగా ఉండే పట్టులు వాడడం, రకరకాల వస్తువులను తడిమి గుర్తుపట్టే సాధన పనికొస్తాయి. ముఖ్యంగా వేడి వస్తువుల దగ్గర జాగ్రత్త, కాలింది కూడా తెలియదు.

మీ వేలితో మీ ముక్కును, ఆ తర్వాత ఎదుటివాళ్ల వేలిని మార్చి మార్చి తాకండి. దగ్గరికి వెళ్లేకొద్దీ వణుకు ఎక్కువైతే అది చిన్నమెదడు దారిలో వచ్చే వణుకు. దీనికి మందులు అంతంతమాత్రమే. మోచేతులు టేబుల్ మీద ఆనించి పనిచెయ్యడం, బరువున్న పాత్రలు, పెన్నులు వాడడం కొంత నయం. రాయడానికో సంతకానికో ముందు మోచేతి కింది భాగాన్ని కాసేపు చల్లటి ప్యాక్‌తో చల్లబరిస్తే కొందరికి కొద్దిసేపు వణుకు తగ్గుతుంది.

వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోకపోతే అది బిగుతు, దానికి సాగదీసే వ్యాయామాలు, మందులు, అవసరమైతే బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

ఇక అందరూ మర్చిపోయేది ఒకటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి నిద్రలో లేచి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తే అది ఎంఎస్ కాకుండా మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కావచ్చు. కర్ర మీద, వీల్‌చైర్ చక్రాల మీద రోజంతా బరువు వేసేవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. నరాల కండక్షన్ టెస్ట్‌తో తెలిసిపోతుంది, చికిత్స కూడా ఉంది. ప్రతిదీ ఎంఎస్ ఖాతాలో రాసేస్తే ఇలాంటివి ఏళ్ల తరబడి దొరకవు.

మూడో అడుగు: స్టాప్‌వాచ్‌తో మూడు సార్లు

ఆసుపత్రుల్లో చేతి నైపుణ్యం కొలవడానికి నైన్ హోల్ పెగ్ టెస్ట్ వాడతారు. తొమ్మిది చిన్న పుల్లలను ఒక్కొక్కటిగా తీసి తొమ్మిది రంధ్రాల్లో పెట్టి, మళ్లీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వెయ్యాలి. ఒక్కో చేత్తో రెండేసి సార్లు, మొదట వాటమైన చెయ్యి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సుమారు 20 సెకన్లు పడుతుంది. ఒకరి సమయం అంతకుముందు కంటే 20 శాతం మారితే, అంటే 25 సెకన్లు కాస్తా 30 అయితే, దాన్ని పట్టించుకోవాల్సిన మార్పుగా లెక్కేస్తారు. ఏడాదికి ఒకసారైనా ఈ టెస్ట్ చేయించి అంకెలు రాసిపెట్టుకోండి.

ఇంట్లో దీనికి సాటి లేదు గానీ, మీతో మీరు పోల్చుకోవడానికి ఒకే సైజు నాణేలు తొమ్మిది, సన్నటి చీలిక ఉన్న డబ్బా ఒకటి చాలు. నాణేలు టేబుల్ మీద పరిచి ఒక్కొక్కటిగా డబ్బాలో వెయ్యండి, ఫోన్‌లో టైమ్ చూడండి. ఎప్పుడూ అదే కుర్చీ, అదే టేబుల్. మొదటి కొన్ని సార్లు చెయ్యి అలవాటు పడడం వల్లే వేగం పెరుగుతుంది కాబట్టి ఆ అంకెలను వదిలెయ్యండి.

అసలు విషయం ఈ కొలతను మూడు రకాలుగా తీసుకోవడంలో ఉంది. ఒకటి, బాగా విశ్రాంతి తీసుకున్నాక. రెండు, అదే చేత్తో కొన్ని నిమిషాలు ఆపకుండా రాసో, గుడ్డ పిండో, మెత్తటి బంతిని నొక్కో, వెంటనే. మూడు, మళ్లీ విశ్రాంతి తీసుకుని, ఈసారి 100 నుంచి మూడేసి తగ్గిస్తూ బయటికి వినబడేలా లెక్కపెడుతూ.

మొదటిదే నెమ్మదిగా ఉంటే చేతికి వెళ్లే దారిలోనే నష్టం ఉంది, సాధన అవసరం. మొదటిది బాగుండి రెండోది బాగా పడిపోతే అది వాడకంతో వచ్చే అలుపు. దెబ్బతిన్న నరం గుండా సంకేతాలు వరసగా పోతూంటే కాసేపటికి అడ్డుపడి, విశ్రాంతి ఇస్తే మళ్లీ పోతాయి. ఇలాంటి చేతికి కావాల్సింది విరామాలతో కూడిన పని. మూడోది మాత్రమే దెబ్బతింటే చెయ్యి దానంతట అది పనిచెయ్యట్లేదు, మీ ధ్యాసను అరువు తెచ్చుకుంటోంది. ఏ జబ్బూ లేనివాళ్లు కూడా లెక్కపెడుతూ చేస్తే కొంత నెమ్మదిస్తారు, కాబట్టి ఇంట్లో ఇంకొకరి చేత కూడా చేయించి ఆ తేడా ఎంతో చూడండి. చాలామందిలో ఈ మూడూ కలగలిసే ఉంటాయి, కానీ ఏది ఎక్కువో తెలుస్తుంది, మనకు కావాల్సింది అదే.

నాలుగో అడుగు: అలసట

ఎంఎస్ అలసట అంటే పని చేసి అలిసిపోవడం కాదు. పొద్దున లేస్తూనే ఒంట్లో శక్తి లేనట్టు ఉండడం, చిన్న పనికే రోజంతా పడిపోవడం. ఎంఎస్ ఉన్నవాళ్లలో అత్యధికులకు ఇది ఉంటుంది. బయటికి కనబడదు కాబట్టి "బద్ధకం" అనే మాట పడాల్సి రావడం దీనిలో ఇంకో బాధ.

అయితే ఈ అలసటంతా నేరుగా ఎంఎస్‌దే కాదు. ముందు సరిచేయగలిగేవి వెతకాలి: రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, గురక పెడుతూ ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, కాళ్లు పీకడం, నొప్పి, డిప్రెషన్, ఇంకా మనం వాడే మందులే. బిగుతుకు ఇచ్చే బ్యాక్లోఫెన్, నరాల నొప్పికి ఇచ్చే మాత్రలు, అలర్జీ మందులు మత్తు తెస్తాయి, ఎంఎస్‌కే ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ తర్వాత ఫ్లూ వచ్చినట్టు ఉంటుంది. మందుల లిస్టు మొత్తం డాక్టర్ ముందు పెట్టి, ఏది ఏ పూట వేసుకుంటే మేలో అడగండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, బ్యాక్లోఫెన్ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు.

అలసటకు మాత్ర ఏదైనా ఉందా అని అందరూ అడుగుతారు. అమాంటడైన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ చాలా ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. 2021లో వెలువడిన ట్రయంఫంట్-ఎంఎస్ అనే ట్రయల్‌లో 141 మందికి ఈ మూడింటినీ, మందేమీ లేని ఉత్తి మాత్రనూ మార్చి మార్చి ఇచ్చి చూస్తే, మూడింటిలో ఏదీ ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచెయ్యలేదు, పైగా దుష్ప్రభావాలు ఎక్కువ. వీటిలో ఏదైనా మీకు నిజంగా గుణం ఇస్తుంటే డాక్టర్‌తో మాట్లాడుకుని కొనసాగించండి, కానీ ఆశలన్నీ దాని మీదే పెట్టుకోకండి.

పనికొచ్చేవిగా తేలినవి మూడు: వ్యాయామం, శక్తిని పొదుపుగా వాడే శిక్షణ, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మూడోదాని పేరు చూసి "మాకేం పిచ్చా" అనుకోవద్దు, అలసట చుట్టూ అల్లుకున్న అలవాట్లను మార్చే పద్ధతి అది. వ్యాయామం విషయంలో ఒకప్పుడు డాక్టర్లే వద్దనేవారు, ఇప్పుడు మాట మారింది. తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయి ఎంఎస్ ఉన్నవాళ్లకు వారానికి రెండుసార్లు 30 నిమిషాల ఏరోబిక్ వ్యాయామం, రెండుసార్లు కండరాలకు బలం పెంచే వ్యాయామం అనేది వాడుకలో ఉన్న సూచన. అంత చెయ్యలేకపోతే ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. చల్లటి గది, ఫ్యాన్ ఎదురుగా, ముందు చల్లటి నీళ్లు తాగి.

శక్తి పొదుపు అంటే పడుకుని ఉండమని కాదు. కుదేలైపోయాక ఆగడం కాకుండా, ఇంకా బాగున్నప్పుడే ఆగడం. బాగున్న రోజున పెండింగ్ పనులన్నీ చేసేసి తర్వాత మూడు రోజులు మంచం పట్టేవాళ్లను చూస్తే నాకు జాలి, కోపం రెండూ వస్తాయి. టైమర్ పెట్టుకోండి, మోగగానే పని సగంలో ఉన్నా కూర్చోండి. నిలబడి చేసేవి కూర్చుని చెయ్యండి.

ఐదో అడుగు: చేతికి పని నేర్పడం

ఓపిక ఎక్కువ ఉండే పూటను, చాలామందికి అది ఉదయం, చేతి సాధనకు ఇవ్వండి. మిగతా పనులయ్యాక సాయంత్రం చేద్దామంటే, అలిసిన చెయ్యి నేర్చుకునేది తక్కువ.

రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే పట్టు బలం పెరగొచ్చు గానీ గుండీ పెట్టడం రాదు. ఏ పని కావాలో ఆ పనినే ముక్కలుగా విడగొట్టి చెయ్యాలి. గుండీయే కావాలంటే, ముందు టేబుల్ మీద పరిచిన చొక్కాకు పెద్ద గుండీలు, తర్వాత చిన్నవి, ఆ తర్వాత ఒంటి మీద. పదేసి సార్లు చేసి విరామం, మళ్లీ పది. విరామం ఎంత ఉండాలో మూడో అడుగులో చేసిన రెండో కొలత చెబుతుంది, చెయ్యి తొందరగా పడిపోయేవాళ్లు విరామాలు పెంచాలి. కొన్ని వారాలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది.

ఒక చెయ్యి బాగా ఉంటే మనకు తెలియకుండానే అన్నీ దానితోనే కానిచ్చేస్తాం, రెండోది వాడకపోవడం వల్లే ఇంకా వెనకబడుతుంది. రోజులో ఒక నిర్ణీత సమయం బాగున్న చేతికి గ్లౌజు తొడిగి రెండో చేత్తోనే పనులు చెయ్యడం ఒక పద్ధతి. పక్షవాతం వచ్చినవాళ్ల కోసం ఎడ్వర్డ్ టౌబ్ అభివృద్ధి చేసిన థెరపీ ఇలాంటిదే, ఎంఎస్‌లో చిన్న ట్రయల్స్‌లో మంచి ఫలితాలే వచ్చాయి. దీన్ని ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే నిపుణులు, చూస్తుండగా మొదలుపెట్టడం మేలు. తూలి పడే అవకాశం ఉన్నవాళ్లు కూర్చునే చెయ్యాలి.

సాధన వేరు, రోజు గడవడం వేరు. సాధన సమయం బయట సులువు దారులు వాడడంలో ఓటమేమీ లేదు: లావు పట్టు పెన్ను, గుండీ కొక్కెం, జిప్పుకు కట్టిన రింగు, జారని మ్యాట్, వాయిస్ టైపింగ్.

ఆరో అడుగు: బుర్ర

ఎంఎస్‌లో ముందుగా, ఎక్కువగా దెబ్బతినేది ఆలోచన వేగం, ఆ తర్వాత కొత్తవి గుర్తుపెట్టుకోవడం. తెలివి, మాట, పాత జ్ఞాపకాలు సాధారణంగా బాగానే ఉంటాయి. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే అందుకోలేకపోవడం, చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చి ఆగిపోవడం దీని లక్షణాలే.

దీన్ని కొలవడానికి ఎస్‌డీఎంటీ అనే పరీక్ష ఉంది. తొమ్మిది గుర్తులకు తొమ్మిది అంకెలు ఇచ్చి, 90 సెకన్లలో ఎన్ని గుర్తులకు సరైన అంకె చెప్పగలరో చూస్తారు. నాలుగు పాయింట్లు తగ్గితే ఆలోచించాల్సిందే. ఇది రాసి చెయ్యొచ్చు, నోటితో చెప్పొచ్చు. చేతి ఇబ్బంది ఉన్నవాళ్లు నోటితోనే చేస్తామని పట్టుబట్టండి, లేకపోతే నెమ్మదిగా రాసే చెయ్యి కాస్తా నెమ్మదిగా ఆలోచించే బుర్రగా కాగితం మీద పడుతుంది. ఇంకోటి, పరీక్ష ఎప్పుడూ ఒకే పూట చేయించుకోండి.

"నాకు మతిమరుపు పెరిగింది" అని గట్టిగా అనిపించడానికీ పరీక్షలో వచ్చే స్కోరుకీ సంబంధం అనుకున్నంత ఉండదు. ఆ అనిపించడం చాలాసార్లు దిగులుతో, అలసటతో ముడిపడి ఉంటుంది. అంటే బాధ అబద్ధమని కాదు, చికిత్స చెయ్యాల్సింది దిగులుకు కావచ్చని. అలసటను ముందు చూడమన్నది ఇందుకే.

గుర్తుపెట్టుకోవడానికి పద్ధతులున్నాయి. చదివిందే మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి ఏం చదివారో మీకు మీరు చెప్పుకోండి. కాసేపు ఆగి మళ్లీ చెప్పుకోండి, మర్నాడు ఇంకోసారి. ఇలా విడతలుగా, తిరిగి గుర్తుచేసుకుంటూ నేర్చుకోవడం ఎంఎస్ ఉన్నవాళ్లలో మేలైన ఫలితాలిస్తుందని పరిశోధనల్లో తేలింది. సంబంధం లేని నాలుగు విషయాలుంటే వాటిని కలిపి చిన్న కథ అల్లి, దాన్ని కళ్ల ముందు బొమ్మలా ఊహించుకోవడం ఇంకో పద్ధతి.

మిగతాదంతా బుర్ర బయట పెట్టండి. ఒకే డైరీ లేదా ఒకే యాప్, మూడు చోట్ల రాస్తే మూడూ మర్చిపోతారు. తాళాలకు, మందులకు ఒకే చోటు. పని చేసేటప్పుడు టీవీ బంద్. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి: చేతిలో వేడిదో పదునైనదో ఉన్నప్పుడు పలకరించొద్దని, ఒకసారి ఒకటే అడగమని. మూడో కొలతలో బాగా తగ్గినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు బండి నడపడం గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడాలి.

ఏడో అడుగు: డాక్టర్ దగ్గరికి ఒక్క కాగితం

అపాయింట్‌మెంట్‌కు ముందు రెండు వారాలు రోజుకు మూడు ముక్కలు రాయండి: నిద్ర ఎలా పట్టింది, అలసట పదికి ఎంత, చెయ్యి ఏ పని దగ్గర ఆగింది. నాణేల కొలత వారానికి ఒకసారి చాలు, రోజూ చేస్తే అదే ఒక ఆందోళన అవుతుంది. అలసటకు ఎంఎఫ్ఐఎస్ అని 21 ప్రశ్నల పట్టిక ఉంది, గడిచిన నాలుగు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 84కి 38 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అలసట గట్టిగా ఉన్నట్టు లెక్క. దాన్ని నింపి జతచెయ్యండి.

కాగితం పైన ఒక్క వాక్యం రాయండి, ఆరు నెలల కిందట చేసి ఇప్పుడు చెయ్యలేకపోతున్న పని ఏమిటో. "చెయ్యి బాగోలేదు" అని కాదు, "ఎడమ చేత్తో సీసా మూత తియ్యలేను, పొద్దున తియ్యగలను, సాయంత్రం రాదు" అని. కింద మీ ప్రశ్నలు మూడే ఉంచండి, డాక్టర్ చెప్పేది రాసుకోవడానికి తోడు ఒకరిని తీసుకెళ్లండి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు రిఫరల్ వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే, మూడు ప్రశ్నల్లో మొదటిది అదే చెయ్యండి.